గోదావరి ఊళ్లలో తినడానికి తిరగాలంటే బోర్డు కన్నా వేళ ముఖ్యం

రాజమండ్రికో కాకినాడకో తినడానికని వచ్చేవాళ్లు ఫోన్లో కొట్ల పేర్లు రాసుకుని, మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగుతారు. అప్పటికి టిఫిన్ బండ్లవాళ్లు గిన్నెలు కడిగి బోర్లించేసి ఉంటారు. బజ్జీల పొయ్యి వెలగడానికి ఇంకా నాలుగున్నర గంటల పైనే ఉంటుంది. రాసుకున్న పేర్లలో తప్పేం లేదు, తప్పల్లా దిగిన వేళది.

ఈ వైపు తిండి రెండు రకాలు. పొయ్యి మీంచి దిగిన అరగంటలో తినాల్సినవి కొన్ని: పొట్టిక్కలు, దిబ్బరొట్టె, బజ్జీలు, పఫ్‌లు. రెండు మూడు రోజులైనా ఫర్వాలేనివి కొన్ని: కాజాలు, పూతరేకులు, తాండ్ర. మొదటి రకాన్ని వాటి వేళకు పట్టుకుని, రెండో రకాన్ని ఎండ మండే మధ్యాహ్నానికి వదిలేస్తే ఒక రోజులో తినగలిగినంత తినొచ్చు. ముగ్గురో నలుగురో కలిసి తిరగండి, ఏదైనా ఒక్క ప్లేటే చెప్పి పంచుకోండి. ఒక్కరే తిరిగితే మూడో చోటికే కడుపు నిండిపోతుంది. ఒక మంచినీళ్ల సీసా, ఒక స్టీలు డబ్బా, కొంచెం చిల్లర దగ్గర పెట్టుకోండి. ఫోన్‌పే అన్నిచోట్లా ఉంది కానీ, గోదావరి పాయల మధ్యనున్న లంక ఊళ్లలో సిగ్నల్ మీద మరీ నమ్మకం పెట్టుకోకండి.

పొద్దున్న: ఆవిరి, పెనం

పొట్టిక్కల కోసం అంబాజీపేట వెళ్లాలనుకుంటే రాజమండ్రి నుంచి ఐదున్నరకల్లా బయల్దేరండి. నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనె పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీకన్నా లోతు ఎక్కువ కాబట్టి ఉడకడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఆకు ఇంకా పచ్చగా నిగనిగలాడుతుంటే లోపల పిండి కుదరలేదన్నమాట. రంగు మాసి, గోధుమ కలిసిన ఆకుపచ్చకి వచ్చాక దించినది తీసుకోండి. దించగానే ఆకు లాగితే సగం పొట్టిక్క ఆకుకే అంటుకుని వస్తుంది. రెండు నిమిషాలు ఆగితే శుభ్రంగా ఊడుతుంది, పనసాకు వాసన కూడా అప్పుడే తెలుస్తుంది. "పిన్నిగారూ, ఈ వాయి ఇప్పుడే దించారాండి?" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. తొమ్మిది దాటితే మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

దిబ్బరొట్టె దగ్గర ఓపిక కావాలి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ లెక్కన గట్టిగా కలిపిన పిండిని రెండంగుళాల మందాన వేసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద కాలుస్తారు. ఒక్కో రొట్టెకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. జనం ఎక్కువై సెగ పెంచారంటే అడుగు మాడుతుంది, నడుం దగ్గర పిండి పచ్చిగానే ఉంటుంది. అందుకని అంచు తుంపి చూస్తే ఏమీ తెలియదు, మధ్యకి విరవాలి. వేలికి జిగురు తగిలితే తిరిగి ఇచ్చేయండి. అల్లం పచ్చడి ఎక్కడైనా పెడతారు. చెరకు పానకం ఉందేమో అడిగి చూడండి, ఉంటే రొట్టె సగం దానితోనే తినండి.

పెసరట్టుకి ఒక్క జాగ్రత్త చాలు. ఆ పిండి పులవకూడదు. పొద్దున్న రుబ్బినది సాయంత్రానికి పుల్లబడుతుంది కాబట్టి దాన్ని పొద్దున్నే తినేయండి.

బేకరీలో ట్రే దిగే వేళ

మన బేకరీల్లో అద్దాల బీరువా నిండుగా ఉంటుంది, అది చూసి మోసపోకూడదు. పఫ్‌లు సాధారణంగా రోజుకి రెండుసార్లు దిగుతాయి. పది, పదకొండు మధ్య ఒకసారి, బడులు వదిలే వేళకి ఇంకోసారి. బేకరీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి "తర్వాత ట్రే ఎప్పుడు దిగుతుంది తమ్ముడూ?" అని ముందే కనుక్కుని, ఆ వేళకి తిరిగి రండి.

పఫ్ మంచిదో కాదో అడుగు చూస్తే తెలిసిపోతుంది. కాగితం మీద పెట్టి అర నిమిషం ఆగండి. నూనె మరక పెద్దగా పాకితే, పొరల మధ్య వేసిన కొవ్వు ఓవెన్లోకి వెళ్లకముందే కరిగి పిండిలో కలిసిపోయిందని అర్థం. మే నెలలో మన ఉక్కకి ఇది తరచూ జరుగుతుంది. అలాంటి పఫ్‌లో పొరలు విడివిడిగా పొంగవు, కొరికితే రొట్టెలా సాగుతుంది. బాగా వచ్చినదైతే కొరకగానే పెచ్చులు చొక్కా మీద రాలతాయి. తిన్నాక అంగిట్లో మైనంలా ఒక పొర మిగిలిందంటే అది వనస్పతి. దానిలో కొంత భాగం నోటి వేడికి కరగదు, వెన్న కరిగిపోతుంది. చవక పఫ్‌లో వెన్న ఉంటుందని ఎవరూ అనుకోరు కానీ, వెన్న పేరు చెప్పి రెట్టింపు ధర తీసుకునే చోట ఈ పరీక్ష పనికొస్తుంది.

ఎగ్ పఫ్ విషయంలో కాస్త కఠినంగా ఉండండి. బీరువాలో బల్బు కింద గోరువెచ్చగా నాలుగైదు గంటలు పడున్న గుడ్డు తినకూడదు. ఆ వేడి గుడ్డుని కాపాడదు, సూక్ష్మజీవుల్ని పెంచుతుంది. మైక్రోవేవ్‌లో వేడిచేసి ఇస్తామంటే వద్దనండి, కూరలోని తేమ పొరల్లోకి ఎక్కి పఫ్ తోలులా అయిపోతుంది. ఓవెన్లో మూడు నాలుగు నిమిషాలు పెట్టి ఇవ్వమంటే చాలా చోట్ల ఇస్తారు.

లోపల తీపి కొబ్బరి పెట్టి కాల్చే దిల్‌పసంద్‌ని కొబ్బరి తోటల మధ్య తినకపోతే ఇంకెక్కడ తింటాం? ఎండుకొబ్బరి పొడి కాక పచ్చికొబ్బరి కోరు వేసినది దొరికితే అదృష్టమే. అది మర్నాటికే వాసన మారుతుంది కనుక అదే రోజు తినాలి, పార్సిల్ వద్దు. క్రీమ్ బన్నులు ఎండాకాలం మధ్యాహ్నం ఫ్రిజ్‌లో లేకపోతే ముట్టుకోవద్దు. డిసెంబరులో ప్రతి ఊళ్లోనూ ప్లమ్ కేకులు వస్తాయి. క్రిస్మస్‌కి పది రోజుల ముందు కొన్నవి బాగుంటాయి. 31 రాత్రి రోడ్డు మీద టెంటు వేసి అమ్మే క్రీమ్ కేకులు మాత్రం చాలా ముందే చేసి పెట్టుకున్నవి. నమ్మకమైన చోట ముందు ఆర్డరిచ్చి చేయించుకోవడమే మేలు.

మధ్యాహ్నం: కాజా, పూతరేకు

అంబాజీపేట నుంచి రావులపాలెం మీదుగా వెనక్కి వస్తూ ఆత్రేయపురం వెళ్లొచ్చు. పదకొండుకి చేరితే రేకులు తీయడం కూడా చూడొచ్చు. సన్నగా రుబ్బి మజ్జిగలా పలచన చేసిన బియ్యప్పిండిలో పలచటి గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద లాగుతారు. కింద ఎండు కొబ్బరాకుల మంట. గుడ్డ దాటిన రెండు మూడు క్షణాల్లో రేకు అంచులు లేస్తాయి, చేత్తో తీసేస్తారు. మంట పెరిగితే రేకు చిల్లులు పడుతుంది, తగ్గితే కుండకి అంటుకుపోతుంది. అందుకే తీసేవారి కళ్లు గుడ్డ మీదకన్నా మంట మీదే ఎక్కువ ఉంటాయి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే అదే పేరు బోర్డు మీద రాసుకుని హైవే పొడుగునా అమ్ముతారు, ఊళ్లోకి వెళ్లి కొనుక్కోవడమే మంచిది.

కొనేముందు ఒకటి విప్పించి చూడండి. ఒక్క రేకుని వెలుతురుకి పెడితే వెనక వేళ్లు కనపడాలి. నెయ్యి వాసన చూడండి, పాత నెయ్యి ముక్కుకే తెలిసిపోతుంది. బెల్లం పూతరేకులు రుచిలో ముందుంటాయి కానీ బెల్లం గాలిలో తేమని లాగుతుంది, వానాకాలంలో రెండు మూడు రోజులకే రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దూరం వెళ్లేవాళ్లకి పంచదారవి నయం. ఇంకా దూరమైతే ఉత్తి రేకులు కొనండి, బరువు ఉండవు, పొడిగా ఉంచితే చాలా రోజులు నిలుస్తాయి.

ఇంట్లో చుట్టుకోవడం ఇలా. రేకుని పళ్లెంలో పరిచి, బాగా పిండిన తడి గుడ్డతో ఒక్కసారి అద్దండి. పది పన్నెండు క్షణాల్లో మెత్తబడుతుంది. దాని మీద చెంచా నెయ్యి, చెంచాన్నర పంచదార పొడి వేసి, పైన ఇంకో రేకు పరిచి, రెండు పక్కలా లోపలికి మడిచి చుట్టేయండి. తడి ఎక్కువైతే ముద్దవుతుంది, చాలకపోతే మడత దగ్గర పగులుతుంది. మొదటి రెండూ ఎవరికైనా పాడవుతాయి, అవి వంట చేసినవాళ్లవి.

కాజాల్లో రెండూ రెండు దారులు. తాపేశ్వరానిది మడత కాజా, కాకినాడది గొట్టం కాజా. రాజమండ్రి నుంచి ద్వారపూడి మీదుగా తాపేశ్వరం, అక్కణ్ణుంచి మండపేట, రామచంద్రపురం దారిలో కాకినాడ వెళ్తే రెండూ ఒకే రోజు అవుతాయి. మడత కాజాని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. మడతలు విచ్చుకుని పాకం ఊరితే తాజాది. పెళుసుగా విరిగి, పైన పంచదార తెల్లగా పేరుకుని ఉంటే పాకం ముదిరిందో, సరుకు పాతదో. చల్లారిన కాజాని చల్లారిన పాకంలో వేసినా ఇంతే, పాకం లోపలికి ఎక్కదు, పైపైన తీపి అంటుతుంది. గొట్టం కాజాకి నొక్కుడు పరీక్ష పెట్టకండి, పాకం చిమ్ముతుంది. ఒక కొన దగ్గర చిన్నగా కొరికి, లోపలి పాకం పీల్చి, ఆ తర్వాత మిగతాది. తెల్లచొక్కాతో వచ్చినవాళ్లు ముందుకి వంగి తినాలి.

కాజాలకి పేరుపడ్డ కొట్లు కాకినాడలో కోటయ్య, తాపేశ్వరంలో సురుచి. ఆ పేర్లకి దగ్గరగా కనపడే బోర్డులు చాలానే ఉంటాయి. ఏ కొట్లో అయినా ముందు ఒక్కటి తిని, తర్వాతే తూకం వేయించండి. విడిగా అమ్మే మిఠాయి ట్రే మీద ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం ఉంది. చాలా చోట్ల ఆ చీటీ కనపడదు, అడిగితే నోటితో చెబుతారు. అడగడం మాత్రం మానకండి.

సాయంత్రం బండ్లు

రాజమండ్రిలో దేవీచౌక్, కోటగుమ్మం, కంబాలచెరువు, పుష్కరఘాట్ వైపు, కాకినాడలో భానుగుడి, మసీదు సెంటర్ చుట్టుపక్కల, ఐదు దాటాక పొయ్యిలు వెలుగుతాయి. మొదటి వాయికి తొందరపడొద్దు. నూనె ఇంకా కాగని వేళ వేసిన బజ్జీ నూనె తాగేస్తుంది. ఐదున్నర నుంచి ఏడు దాకా మంచి వేళ. ఎనిమిది దాటాక మూకుడులోకి ఒకసారి తొంగిచూడండి. నూనె నల్లబడి, పిండి వేయకముందే పొగ వస్తూ, వేశాక నురగ విరగకుండా అంచుదాకా పొంగుతుంటే ఆ రోజుకి బజ్జీలు అయిపోయినట్టే. నూనె పాడయ్యాక పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని చట్టమే ఉంది, బండి దగ్గర దాన్ని కొలిచేవాళ్లు ఉండరు కాబట్టి నురగే కొలత.

మిరపకాయని చీల్చి, వాము, చింతపండు ముద్ద పెట్టి వేసిన బజ్జీ అయితే కారం తగ్గుతుంది. కోసి ఉల్లిపాయ, నిమ్మరసం పెట్టి ఇచ్చే బజ్జీకి "బాబాయ్, నిమ్మకాయ ఇప్పుడే పిండండి" అనండి. ముందే పిండి గిన్నెలో పెట్టిన రసం చేదెక్కుతుంది. టమాటా బజ్జీ రెండు నిమిషాలు చల్లార్చాలి, లోపలి రసం నాలుక కాల్చేస్తుంది. మరమరాల మిక్చరు కలిపిన ఐదు నిమిషాల్లో మెత్తబడిపోతుంది, నడుస్తూ తినేయండి. పార్సిల్ కావాలంటే ఉల్లిపాయ, టమాటా వేరే పొట్లం కట్టమనండి. పొట్లం న్యూస్‌పేపరులో కడితే మీ స్టీలు డబ్బా ముందుకి పెట్టండి, ఆ సిరా వేడి నూనెకి తిండిలోకి దిగుతుంది. చికెన్ పకోడీ ముట్టుకుంటే వేళ్లకి ఎర్రరంగు అంటితే పక్క బండికి నడవండి. అది కారం రంగు కాకపోవచ్చు.

ఆఖర్న రాజమండ్రి మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్. పాలు ముందే చల్లబరిచి ఉంటే ఐసు అక్కర్లేదు. ఐసు ముక్కలు వేసే చోట "ఐసు వద్దండి, పాలు చల్లగా ఉంటే ఇవ్వండి" అని చెప్పండి. పాలు పలచనవ్వవు, ఐసు నీళ్ల గొడవా ఉండదు.

కాలం చూసుకుని రావడం ఇంకో లెక్క. ముంజలకి ఏప్రిల్, మే. ఆ ఎండల్లోనే ఆత్రేయపురంలో మామిడి తాండ్ర ఆరబెడతారు, మునిపళ్ల కింద ఇసుక తగలని తాండ్ర చూసి కొనండి. తాటిరొట్టె శ్రావణ భాద్రపదాల్లో, అదీ తాటిపండ్లు రాలే పల్లెల వైపే. తేగలు సంక్రాంతి ముందూ వెనకా, కాల్చినవి ఘుమఘుమలాడతాయి, ఉడికించినవి ఎక్కువ తినగలం.

తీసుకెళ్లేటప్పుడు కాజాల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నెయ్యి గడ్డకట్టి, పాకం బిగుసుకుపోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో బయటే ఉంచి వారంలోగా తినేయండి. గొట్టం కాజాల పెట్టె పక్కకి వాలిస్తే పాకం కారి బ్యాగు అంతా జిగటవుతుంది, అది అడుగున నిలకడగా కూర్చోవాలి. పూతరేకుల పెట్టె అన్నిటికన్నా పైన, దాని మీద ఏదీ పెట్టకుండా. రైల్లో అయితే సీటు కింద కాకుండా ఒళ్లో పెట్టుకోండి, అడుగున కాళ్లు తగిలాయంటే రేకుల పొడే మిగులుతుంది.