అటకెక్కిన కాలు కిందికి దించే ముందు: మాజీ సైనికులకు సమస్య - పరిష్కారం

2002లో ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు పశ్చిమ సరిహద్దులో, పరిచిన మైన్లు మళ్లీ ఏరే పనిలో నా ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కృత్రిమ కాలు పెట్టించుకుని పరకాల దగ్గర మా ఊరికి వచ్చాను. 1944 నుంచి గాయపడ్డ సైనికులకు కాళ్లూ చేతులూ చేసి పెడుతున్న చోటు ఆ సెంటర్. ఇప్పుడు నేను వేసుకున్నది నాలుగో కాలు. మన వైపు కొందరి ఇళ్లల్లో ప్రభుత్వం ఇచ్చిన కాలు అటక మీద ఉంటుంది, మనిషేమో చంకకర్రతో తిరుగుతుంటాడు. అడిగితే ‘సెట్ కాలేదన్నా’ అంటాడు, ఏం సెట్ కాలేదో చెప్పడు. ఎక్కువసార్లు తప్పు సాకెట్‌ది, అంటే మన మొండి (కోసేశాక మిగిలిన కాలి భాగం) దూరే గిన్నెది. మోకాలి కింద కాలు పోయినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పొద్దున బాగుంది, సాయంత్రానికి లొడలొడ ఆడుతోంది

మొండి రోజంతా ఒకే సైజులో ఉండదు. నడిచినకొద్దీ లోపలి నీరు తగ్గి సన్నబడుతుంది. ఆపరేషనైన మొదటి ఏడాది, ఏడాదిన్నర అయితే నెలనెలా చిక్కుతూనే ఉంటుంది. దానికి మందు మొండికి తొడిగే సాక్సే. ఒక పొరవి, మూడు పొరలవి, ఐదు పొరలవి ఇస్తారు కదా, వాటిని బీరువాలో దాచకుండా ఒకటి ఎప్పుడూ జేబులో పెట్టుకోండి. వదులైందనిపిస్తే అక్కడే అరుగు మీద కూర్చుని ఇంకోటి తొడగండి. మోకాలి చిప్ప కింది అంచు సాకెట్‌కు కొట్టుకుంటుంటే మీరు మరీ లోపలికి దిగిపోయారని గుర్తు. పది పొరలు దాటినా ఆడుతూనే ఉంటే ఇక సాక్సుతో కాదు, కొత్త సాకెట్ కావాలి.

ఎర్రబడుతోంది, పుండు పడుతోంది

ఎక్కడ ఎర్రబడిందో చూడాలి. మామూలు సాకెట్లలో బరువు ఎక్కువగా మోకాలి చిప్ప కింద ఉండే గట్టి పట్టీ (టెండన్) మీద పడేలా చేస్తారు, అక్కడ కాస్త ఎర్రబడి పది పదిహేను నిమిషాల్లో పోతే భయం లేదు. కాలి ముందు ఎముక అంచు మీద, మోకాలికి బయటి వైపున్న ఎముక బుడిపె మీద, లేదా మొండి చివర ఎర్రబడితే మాత్రం సాకెట్ తప్పుగా ఆనుతోందన్నమాట. నేనొకసారి తెలివి ఉపయోగించి పాత దుప్పటి ముక్కలు లోపల కుక్కాను, పుండు రెండింతలైంది. అసలు సంగతేమిటంటే అప్పటికి ఆరు కిలోలు లావెక్కాను. ఆకురాయితో రుద్దడం, వేడిచేసి వంచడం లాంటివి ఇంట్లో చేయకండి. పుండు మానేదాకా కాలు తీసేసి ఉండాల్సిందే, ఆ నాలుగు రోజులు కర్ర పట్టుకుంటే పరువేం పోదు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, రోజూ రాత్రి చిన్న అద్దం పెట్టి మొండి కింది భాగం చూసుకోవాలి.

చెమట, పొక్కులు, వాసన

మన ఎండల్లో తప్పదు. మధ్యాహ్నం ఒకసారి కాలు తీసి తుడుచుకోండి. మొండిని రాత్రి కడగండి, పొద్దున కడిగి తడి మీదే తొడిగితే చర్మం ఒరుసుకుపోతుంది. లైనర్ (సాకెట్ లోపల మొండికి తొడిగే మెత్తటి తొడుగు) కూడా మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. మొండి మీద వెంట్రుకలు గీకకండి, పొక్కులు అక్కడే మొదలవుతాయి.

కిర్రు కిర్రుమంటోంది, బిగుసుకుపోతోంది

పొలం బురద, లేదా మేడారం పోయి జంపన్నవాగు ఇసుకలో నడిచిన ఫలితం. గొట్టం, బోల్టులు ఉండే కాలికి నీళ్లూ ఇసుకా పడవు, పొడిబట్టతో తుడిచి సెంటర్‌లో విప్పించి శుభ్రం చేయించాలి. దీని అసలు కారణం కాలు ఎంచుకునేటప్పుడు మనం చెప్పే అబద్ధం. బూటు వేసుకుంటే ఫౌజీలా కనబడాలని నేను వ్యవసాయం మాటే ఎత్తలేదు. నాటు వేసే మడిలో దిగాలి, చెప్పుల్లేకుండా నడవాలి, గొంతుకూర్చోవాలి అని చెబితే దానికి తగ్గది చూస్తారు. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన జైపూర్ పాదం సరిగ్గా ఇలాంటి బతుకు కోసం చేసిందే, రబ్బరుది, తడిసినా ఏమీ కాదు.

నడుం నొప్పి, వెనక్కి పడిపోతున్నట్టు ఉండటం

చెప్పులు మార్చారా? కాలు బిగించేటప్పుడు మీ బూటు మడమ ఎత్తు చూసి కోణం పెడతారు. తర్వాత హవాయి చెప్పులు వేస్తే ఆ కోణం చెడుతుంది. ఒకే ఎత్తు మడమ వాడండి. అయినా తగ్గకపోతే కాలు పొడవు తేడా ఉందేమో కొలిపించుకోండి.

లేని కాలు మంట పెడుతోంది

మా అత్తమ్మ గాలి సోకిందని తాయత్తు కట్టించింది. గాలీ కాదు, పిచ్చీ కాదు, పోయిన కాలి లెక్క మెదడులో ఇంకా చెరిగిపోలేదు, అంతే. దీనికి మందులున్నాయి. మంచి కాలిని అద్దంలో చూస్తూ కదిలించే వ్యాయామం కొందరికి పనిచేస్తుంది. డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి.

‘పేరు కలవట్లేదు, తర్వాత రండి’

మన ఇంటిపేర్లు ఉత్తరాది గుమస్తాల చేతిలో పడి ఏమవుతాయో మీకు తెలుసు. నా డిశ్చార్జి బుక్కులో ఇంటిపేరు చివరికి పోయింది, ఆధార్‌లో ముందుంది, ఒక కిటికీ దగ్గర నన్ను మూడుసార్లు వెనక్కి పంపారు. ఆధార్ మార్చుకుంటూ కూర్చోవద్దు. రెజిమెంటు రికార్డ్ ఆఫీసులో సరిచేయించాలి. ఆ ఉత్తరం రాయడానికి హనుమకొండలోని సైనిక సంక్షేమ కార్యాలయం సాయం తీసుకోండి. ఆ తర్వాత ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో రెఫరల్ రాయించుకోవాలి, డిశ్చార్జి బుక్కు, పీపీవో (పింఛను ఉత్తర్వు), ఈసీహెచ్‌ఎస్ కార్డు, మెడికల్ బోర్డు కాగితాలు ఒరిజినల్‌తోపాటు రెండేసి జిరాక్సులు పెట్టుకోండి.

ఇంకొకటి, సెంటర్‌కు పోవడానికి కాజీపేటలో రైలెక్కేటప్పుడు అటక మీది పాత కాలు, చిరిగిన సాక్సులతో సహా, సంచిలో వేసుకోండి. సాకెట్ లోపల ఎక్కడ అరిగిందో, ఎక్కడ నునుపు తేలిందో చూసి అక్కడి వాళ్లు మీరు నోరు తెరవకముందే సగం సంగతి చెప్పేస్తారు.