అమీగా ఫ్లాపీలోంచి పాటలు ఇలా తీశాను

జర్మనీలో పాత సామాన్ల సంతలో కొన్న అమీగా (1980ల నాటి ఒక కంప్యూటర్) ఫ్లాపీ పెడితే విండోస్ "ఫార్మాట్ చేయాలా?" అనేది. పొరపాటున కూడా సరే అనకండి. యూఎస్‌బీ డ్రైవ్, పాత పీసీ, వేరే కేబుల్, అన్నీ దండగే. అమీగా ఒక్కో ట్రాకుకు (డిస్కు మీది వలయానికి) 11 సెక్టార్లు (ముక్కలు) తనదైన పద్ధతిలో రాస్తుంది, పీసీకి అది అర్థం కాదు.

పనిచేసింది గ్రీజ్‌వీజిల్ బోర్డు, అంటే ఫ్లాపీ డ్రైవ్‌ను యూఎస్‌బీ ద్వారా పీసీకి కలిపే చిన్న సర్క్యూట్. ముందు ఫ్లాపీ మీద ఏమీ రాయబడకుండా దాని మూల రైట్ ప్రొటెక్ట్ కిటికీ తెరిచాను. మామూలు 3.5 అంగుళాల డ్రైవ్‌ను బోర్డుకు తగిలించి, మొదట ముడి ఫ్లక్స్‌నే (డిస్కు మీది అయస్కాంత సంకేతాన్ని ఉన్నదున్నట్టు) ఫైలుగా దాచుకున్నాను. ఆ తర్వాతే దాన్ని 880 కేబీ ఏడీఎఫ్‌గా (అమీగా డిస్కు నకలు ఫైలుగా) మార్చాను. రెండు ట్రాకులు మొండికేశాయి. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చదివిస్తే ఒకటి దారికొచ్చింది. ఏడీఎఫ్‌ను ఎమ్యులేటర్‌లో (పీసీలో అమీగాలా నడిచే ప్రోగ్రామ్‌లో) తెరిచి ఫైళ్లు కాపీ చేశాను. పేర్లన్నీ పిచ్చిపిచ్చిగా ఉన్నాయి, అందుకే 1080వ బైటు దగ్గర "ఎం.కె." అనే గుర్తు ఉందా అని చూసి మాడ్ (అమీగా సంగీతం ఫైళ్ల రకం) పాటల్ని గుర్తుపట్టాను.

కాపీ ప్రొటెక్షన్ ఉన్న గేమ్ డిస్కులకు ఇది చాలకపోవచ్చు. నేను ప్రయత్నించింది ఒక్క ఫ్లాపీనే.