మైనస్ పవరు ఎక్కువగా ఉన్న కంట్లో మాక్యులర్ హోల్: ఆపరేషన్‌కు ముందు, తరువాత

పవరు మైనస్ 6 దాటిన కంట్లో మాక్యులర్ హోల్ (కంటి వెనుక చూపునిచ్చే రెటీనా పొర మధ్యలో పడే రంధ్రం) ఉందని డాక్టరు చెప్పినప్పుడు, రంధ్రం ఎంత పెద్దది, దాని చుట్టూ రెటీనా ఊడి ఉందా అన్న రెండు సంగతులు తప్పక అడిగి తెలుసుకోండి. సాధారణంగా 24 మిల్లీమీటర్ల దాకా ఉండే కనుగుడ్డు ఇలాంటివారిలో 26కు పైబడి సాగుతుంది. కొందరిలో వెనుక గోడ బయటికి ఉబ్బి లోపల గుంట పడుతుంది. రెటీనా ఆ గోడతో పాటు సాగలేక రంధ్రం దగ్గరే ఊడిపోయే ప్రమాదం ఉంది. రెటీనా పొరలను అడ్డకోతలో చూపే ఓసీటీ స్కాన్‌లో ఈ రెండూ తెలుస్తాయి.

ఆపరేషన్‌లో కంటి లోపలి విట్రియస్ జెల్‌ను తీసివేసి, రెటీనా మీది ఐఎల్‌ఎం అనే అతి పలుచని పొరకు నీలిరంగు అద్ది ఒలుస్తారు. అమెరికాలో కెల్లీ, వెండెల్ 1991లో విట్రెక్టమీతో, అంటే ఆ జెల్‌ను తీసే ఆపరేషన్‌తో, ఈ రంధ్రాలు మూసుకుంటాయని చూపారు. పెద్ద రంధ్రాల కోసం పోలండ్ సర్జన్ మిఖలెవ్‌స్కా బృందం 2010లో, ఆ పొరను పూర్తిగా తీసేయకుండా రంధ్రంపైకి మడిచి కప్పే పద్ధతిని ప్రచురించింది. ఇలా సాగి పొడవైన కళ్ళలో రంధ్రం మూసుకోవడం కష్టం కనుక, మీకు ఏ పద్ధతి అనుకుంటున్నారో సర్జన్‌ను అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

చివర కంట్లో గ్యాస్ నింపుతారు. గ్యాస్ పైకి తేలుతుంది, రంధ్రమేమో కంటి వెనుక ఉంది. గ్యాస్ రంధ్రానికి ఆని ఉండాలి, అందుకే తల వంచుకుని, బోర్లా ఉండమంటారు. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు అన్నది సర్జన్ చెప్పినట్లే పాటించాలి. వెల్లకిలా మాత్రం పడుకోకూడదు. బల్ల అంచున దిండు వేసి నుదురు ఆనించి కూర్చోవడం, ఫోను నేల మీద పెట్టుకుని చూడడం, మంచినీళ్ళు స్ట్రాతో తాగడం ఆపరేషన్‌కు ముందురోజే ఒకసారి చేసి చూసుకోండి. మెడనొప్పి ఎక్కడ మొదలవుతుందో అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో ఒకరు తోడుండడం నిజంగా అవసరం.

కంట్లో నింపే గ్యాసుల్లో ఎస్‌ఎఫ్6 సుమారు రెండు వారాలు, సీ3ఎఫ్8 దాదాపు రెండు నెలలు నిలుస్తాయి. అది పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎందుకంటే ఎత్తుకు వెళ్ళేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటి ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. అమెరికా నుంచి పిల్లల దగ్గరికి రమ్మని టిక్కెట్లు వచ్చినా వాయిదా వేయాలి. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కాలన్నా డాక్టరును అడగాలి. వేరే ఆపరేషన్ పడితే కంట్లో గ్యాస్ ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు ఇవ్వకూడదు. గ్యాస్‌కు బదులు సిలికాన్ ఆయిల్ పెడితే, సాధారణంగా దాన్ని తీయడానికి మరో ఆపరేషన్ ఉంటుంది.

గ్యాస్ తగ్గేకొద్దీ చూపులో, సీసాలో నీటిమట్టంలా కదిలే గీత ఒకటి కనిపించి రోజురోజుకూ కిందికి దిగుతుంది, భయపడనక్కర్లేదు. తీవ్రమైన నొప్పి, తెర దించినట్లు నీడ, చూపు హఠాత్తుగా తగ్గడం ఉంటే మాత్రం ఆ రోజే వెళ్ళాలి. రంధ్రం మూసుకున్నా, ఏళ్ళ తరబడి పలచబడిన రెటీనాలో చూపు కొంతవరకే రావచ్చు. సాధారణంగా రెండు కళ్ళకూ పవరు ఎక్కువే ఉంటుంది కాబట్టి, ఫాలోఅప్‌కు వెళ్ళినప్పుడే రెండో కంటికి కూడా ఓసీటీ తీయమని అడగండి.