జ్వరంతో వచ్చిన మనిషిని అడగవలసినవి, ఒంటి మీద వెదకవలసినవి

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల ఆరోగ్య కేంద్రాలలో కొత్తగా చేరిన నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు వానాకాలమంతా ఎదురయ్యేది జ్వరమే. రోగి కూర్చోగానే వేలు పొడిచి, మలేరియా పరీక్ష పట్టీ ఫలితం చూశాక రెండు మాటలు అడిగే అలవాటు త్వరగా పడుతుంది. జ్వరం ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష అదే రోజు చేయవలసిందే. అయితే పట్టీ ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది, మిగిలిన ప్రశ్నలన్నీ మనమే అడగాలి.

మొదట రోగిని మాట్లాడనివ్వాలి. "ఎప్పటి నుంచి, ఎలా మొదలైందో చెప్పండి" అని అడిగి, కనీసం ఒక నిమిషం అడ్డు తగలకుండా వినాలి. కువి, సవర భాషలు మాట్లాడేవారు వచ్చినప్పుడు ఆశా కార్యకర్త చేత మాట అనువదింపజేసుకున్నా, మన చూపు మాత్రం రోగి ముఖం మీదే ఉండాలి; ఒక్కోసారి ఒక్క చిన్న ప్రశ్నే వేయాలి. తేదీలు గుర్తులేని వారిని సంతతో ముడిపెట్టి అడిగితే సులువుగా చెబుతారు: "పోయిన సంతకు వెళ్లేనాటికి బాగానే ఉన్నారా?" కోడలి బదులు అత్తగారు జవాబు చెబుతుంటే, ఆమెను మర్యాదగా కాసేపు బయట కూర్చోమని, నెలసరి, గర్భం సంగతి కోడలినే అడగాలి. గర్భిణికి ఇచ్చే మందులు వేరుగా ఉంటాయి కనుక ఈ ప్రశ్నను వదలకూడదు.

తర్వాత గత మూడు వారాల్లో ఎక్కడ పడుకున్నారో, ఏ పని చేశారో తెలుసుకోవాలి. పోడు చేనికి రాత్రి కాపలా ఉన్నవారు దోమతెర లేకుండా పడుకుని ఉంటారు. పశువులు మేపుతూ పొదల్లో, గడ్డిలో కూర్చునేవారిని స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని వ్యాపింపజేసే సన్నని నల్లి (మైట్) పిల్లలు కుట్టి ఉండవచ్చు. ఇటుక బట్టీల పనికి వెళ్లి వచ్చినవారికి జ్వరం అక్కడే అంటుకుని ఉండవచ్చు. వేసుకున్న మందులను గురించి అడిగేటప్పుడు గొంతులో కోపం ఉండరాదు. దిసారి (ఊళ్లోని సంప్రదాయ వైద్యుడు) దగ్గరకు వెళ్లారనో, ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకున్నారనో మందలిస్తే రెండోసారి నిజం చెప్పరు. గత నెలలోనే మలేరియాకు చికిత్స జరిగి ఉంటే, ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి పోయినా పట్టీ కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపవచ్చు. అప్పుడు రక్తపు స్లైడు చూడాలి. ప్రిమాక్విన్ అనే మలేరియా మాత్ర వేసుకున్న తర్వాత మూత్రం నల్లగా వచ్చిందంటే జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపాన్ని అనుమానించి, ఆ మాత్ర ఆపి వెంటనే వైద్యునికి చూపించాలి.

కీళ్ల నొప్పులు, తరచూ కామెర్లు, ఇంతకు ముందు రక్తం ఎక్కించుకోవడం వంటివి విన్నప్పుడు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి గుర్తుకు రావాలి. తోబుట్టువులలో ఇలాంటివారు ఉన్నారా అని తల్లిదండ్రుల ముందు అడిగేటప్పుడు, ఈ వ్యాధి రావాలంటే లోపం ఉన్న జన్యువు ఇద్దరి నుంచీ రావాలని తప్పక చెప్పాలి. లేకపోతే నింద అంతా తల్లి మీద పడుతుంది, ఆ ఇల్లు మళ్లీ పరీక్షకు రాదు.

ఒళ్లు చూడడం పగటి వెలుతురులోనే జరగాలి, ఎందుకంటే పసుపు రంగు బల్బు కింద కామెర్లు తెలియవు. కింది రెప్ప లోపల, నాలుక మీద, అరచేతుల్లో పాలిపోవడాన్ని చూడాలి. రోగిని కిందికి చూడమని, పై రెప్ప ఎత్తి తెల్లగుడ్డు రంగు చూడాలి. తర్వాత చాటుగా, బట్టలు తొలగించి ఎస్కార్ కోసం, అంటే స్క్రబ్ టైఫస్ నల్లి కుట్టిన చోట ఏర్పడే మచ్చ కోసం వెదకాలి. అది చుట్ట కాల్చిన మచ్చలా నల్లని చెక్కుతో, చుట్టూ ఎర్రని అంచుతో ఉంటుంది. నొప్పి ఉండదు కనుక చాలామంది రోగులకు అది ఉందనే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు కట్టే చోట, చెవుల వెనుక వదలకుండా చూడాలి. మచ్చ దొరకనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదని తేల్చరాదు. ప్లీహం కోసం చేయి పొట్ట కుడి వైపు కింది భాగం నుంచి మొదలుపెట్టి, రోగి ఊపిరి పీల్చినప్పుడల్లా ఎడమ పక్కటెముకల వైపు జరుపుకుంటూ పోవాలి. పక్కటెముకల దగ్గరే మొదలుపెడితే బాగా పెరిగిన ప్లీహపు అంచు చేతికి దొరకదు.

పిల్లల ఊపిరిని, ఏడవకుండా ఉన్నప్పుడు, పూర్తి నిమిషం లెక్కించాలి. 2 నెలలలోపు శిశువుకు 60, 2 నుంచి 12 నెలలలోపు 50, ఏడాది నుంచి 5 ఏళ్లలోపు 40, లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస. పాలు తాగలేకపోవడం, తీసుకున్నదంతా కక్కేయడం, మూర్ఛ, మగత, మెడ బిగుసుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మిగతా ప్రశ్నలు ఆపి, పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చూడాలి. పంపే చీటీలో 'జ్వరం' అని ఒక్క మాట రాసి ఊరుకోకూడదు: జ్వరం మొదలైన రోజు, పట్టీ ఫలితం, ఇచ్చిన మందు, మోతాదు, ఇచ్చిన వేళ, చివరిసారి మూత్రం పోసిన వేళ, దాని రంగు స్పష్టంగా రాయాలి.