నాభి మీద ధ్యానం: పొట్టను తోయకుండా ఊపిరిని గమనించడం ఎలా?

నడుము దగ్గర బిగుతులేని బట్టలు, కింద మడతపెట్టిన దుప్పటి చాలు. భోజనం చేశాక కనీసం రెండు గంటలు ఆగండి. కూర్చుని చేసేటప్పుడు నేల మీదైనా కుర్చీలోనైనా వెన్ను నిటారుగా ఉండాలి, వెనక్కి ఆనకూడదు. కళ్లు మూసుకోండి. తల వంచి బొడ్డు వైపు చూడొద్దు. వంగితే పొట్ట మడతపడి ఊపిరంతా ఛాతీలోకి ఎక్కుతుంది, మెడ కూడా పట్టేస్తుంది.

మొదటి వారం పడుకునే చేయండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఒక అరచెయ్యి బొడ్డు మీద, ఇంకొకటి ఛాతీ మీద పెట్టండి. పీల్చినప్పుడు కింది చెయ్యి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. పొట్టతో పీల్చమనగానే కండరాలు బిగించి పొట్టను ముందుకు తోస్తారు. గాలి పొట్టలోకి పోదు. ఊపిరితిత్తుల కింద ఉన్న డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగుతుంది. దాంతో కాలేయం, జీర్ణాశయం, పేగులు కిందికి జరుగుతాయి, వాటికి చోటిస్తూ పొట్ట గోడ ముందుకు వస్తుంది. బొడ్డు లేవడం దాని ఫలితం మాత్రమే. అది మీరు చేయాల్సిన పని కాదు.

తేడా తెలియాలంటే ఊపిరి బిగబట్టి పొట్టను ముందుకు తోసి చూడండి. గాలి లోపలికి పోకుండానే పొట్ట ఉబ్బుతుంది. ఆ బిగువును బాగా గుర్తుపెట్టుకోండి. తర్వాత బొడ్డుకు రెండు పక్కలా వేళ్ల కొసలు మెత్తగా ఆనించి మామూలుగా పీల్చండి. వేళ్ల కింద అదే బిగువు తగిలితే తోస్తున్నట్టే. మెత్తగా ఉంటూనే వేళ్లను పైకి లేపితే సరిగ్గా ఉన్నట్టు.

తోయడం ఆగకపోతే పీల్చడాన్ని సరిదిద్దబోకండి. అలా చేస్తే బిగువు పెరుగుతుంది. వదలడం మీద దృష్టి పెట్టండి. గాలి పూర్తిగా బయటికి పోనివ్వండి, ఆ చివర కాసేపు ఏమీ చేయకండి. తర్వాతి ఊపిరి దానంతట అదే వస్తుంది, పొట్ట కూడా దానంతట అదే లేస్తుంది. రోజంతా పొట్ట లోపలికి లాక్కుని నిలబడే అలవాటున్నవాళ్లకు ఇది ఆలస్యంగా కుదురుతుంది. లోతుగా పీల్చాలన్న ఆత్రం కూడా వద్దు. అతిగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి. దాన్ని శక్తి మేల్కొనడం అనుకోకుండా ఆపి, మామూలు ఊపిరికి వచ్చేయండి.

ఇది కుదిరాక కూర్చుని, వదిలే ఊపిరిని మాత్రమే ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి. లెక్క తప్పితే మళ్లీ ఒకటి. ముక్కు కొన దగ్గర గమనించమని చెప్పేవాళ్లున్నారు. కొత్తవాళ్లకు అది వద్దు. అక్కడి స్పర్శ మరీ సన్నం, ఊపిరి నెమ్మదించగానే దొరకదు. బొడ్డు కదలిక పెద్దది, బట్టల మీద నుంచి కూడా తెలుస్తుంది. బర్మాలో మహాసి సయడా అనే బౌద్ధ భిక్షువు నేర్పిన పద్ధతిలోనూ గమనించేది పొట్ట లేవడం, పడిపోవడమే. యోగంలో నాభి దగ్గర ఉంటుందని చెప్పే మణిపూర చక్రాన్ని, దాని పది రేకుల పద్మాన్ని ఊహించుకోవడం ఈ కదలిక స్థిరపడ్డాకే. ముందే మొదలుపెడితే బొమ్మ మీద ధ్యాస పోయి ఊపిరి జారిపోతుంది.

నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు బొడ్డు దగ్గర టక్ టక్ మని కొట్టుకోవడం తెలియవచ్చు, ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లకు. పెద్ద ధమని నాలుగో నడుము పూస దగ్గర, అంటే దాదాపు బొడ్డు ఎత్తులోనే, రెండుగా చీలుతుంది. ఆ నాడినే మీరు వింటున్నది. దాన్ని వదిలేసి లెక్కకు రండి. దగ్గినప్పుడు బొడ్డు దగ్గర గడ్డలా ఉబ్బితే మాత్రం హెర్నియా కావచ్చు. డాక్టర్‌కు చూపించేదాకా అక్కడ వేళ్లతో నొక్కొద్దు.