మలేరియా ఎలా వ్యాపిస్తుందో లెక్కకట్టే గణిత మోడల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు రెండే అంకెలు పట్టుకోండి: మనుషుల్లో ఎంత శాతానికి ఇన్ఫెక్షన్ ఉంది, దోమల్లో ఎంత శాతానికి ఉంది. ఒక్కోదానికి ఒక సమీకరణం రాయండి, కొత్తగా సోకినవాళ్లను కలిపి కోలుకున్నవాళ్లను తీసేయండి, దోమలు మాత్రం కోలుకోవు కాబట్టి అక్కడ మరణాల రేటు పెట్టాలి. దోమ రెండుసార్లు కుట్టాలి, ఒకసారి మలేరియా పరాన్నజీవిని ఎక్కించుకోవడానికి, ఇంకోసారి అంటించడానికి. అందుకే ఆర్‌నాట్‌లో, అంటే ఒక కేసు నుంచి పుట్టే కొత్త కేసుల లెక్కలో, కుట్టే రేటుకి వర్గం (స్క్వేర్) వస్తుంది.

అసలు కీలకం దోమ ఆయుష్షు. పరాన్నజీవి దోమలో ఎదగడానికి 10 రోజులనుకుందాం. రోజుకి 90 శాతం దోమలు బతికితే పదో రోజుకి దాదాపు 35 శాతం మిగులుతాయి, అదే 80 శాతమైతే 11 శాతమే! అంటే రోజువారీ బతుకు కాస్త తగ్గినా అంటించగల దోమలు మూడో వంతుకి పడిపోతాయి, కానీ దోమల సంఖ్య సగం చేస్తే ఆర్‌నాట్ సగమే తగ్గుతుంది. కాబట్టి మోడల్ నడిపేటప్పుడు ముందు ఆయుష్షునే మార్చి చూడండి.