ఒకే పళ్లెంలో ఇంజెరా భోజనం: తెలుగింట వండి వడ్డించే పద్ధతి

ఇథియోపియా, ఎరిట్రియా ఇళ్లలో సంప్రదాయ భోజనానికి విడివిడిగా కంచాలు పెట్టరు. వెడల్పాటి పళ్లెంలో ఇంజెరా అనే పుల్లటి అట్టు పరచి, దాని మీదే కూరలను కుప్పలుగా వడ్డిస్తే, చుట్టూ కూర్చున్నవారు కుడిచేత్తో తుంపుకుంటూ తింటారు. ఎంగిలి పట్టింపు ఉన్న మన ఇళ్లలో ఈ భోజనానికి వంట కంటే వడ్డన విషయంలోనే ఎక్కువ ఆలోచించవలసి వస్తుంది. అయితే అట్టు పని రెండు మూడు రోజుల ముందే మొదలవుతుంది కనుక ముందు దాని సంగతి చెబుతాను.

ఇంజెరాకు టెఫ్ పిండి కావాలి. గసగసాలంత ఉండే ఈ గింజ ఇథియోపియా ఎత్తైన ప్రాంతాల పంట. మన రాగికి కూడా పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాయే. టెఫ్ దొరకనప్పుడు రాగిపిండి, గోధుమపిండి సమంగా కలిపి చేయవచ్చు గానీ, వచ్చేది పుల్లటి రాగి అట్టే తప్ప ఇంజెరా కాదని ముందే ఒప్పుకోవాలి.

రెండు కప్పుల పిండిని మూడు కప్పుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గుడ్డ కప్పి, రెండు మూడు రోజులు కదపకుండా పులియనివ్వాలి. మన ఎండాకాలంలో అంత సమయం పట్టదు. పైన తేరిన పసుపుపచ్చటి తేటను ఎర్షో అంటారు. దాన్ని పారబోయకుండా సీసాలో తీసిపెట్టుకుంటే, పాలకు తోడులాగా, తర్వాతి పిండికి పనికివస్తుంది. అడుగు పిండిలోంచి అరకప్పు తీసి, కప్పు నీళ్లలో జావలా కాచి, చల్లారాక తిరిగి అందులోనే కలిపి, నురగ పొంగేదాకా ఆగాలి. అబ్సిట్ అనే ఈ జావ కలిపితేనే అట్టు మీద కళ్లు బాగా పడతాయి.

అతుక్కోని పెనం వేడెక్కాక, నూనె రాయకుండా, పిండిని అంచు నుంచి మధ్యకు చుట్లుగా పోయాలి, గరిటెతో రుద్దకూడదు. కాసేపటికి బుడగలు ఒక్కొక్కటిగా చిట్లి, పైనంతా చిన్న గుంటలు తెరుచుకుంటాయి. తడి మెరుపు తగ్గుతుండగా మూత పెట్టి, ఆవిరికి అంచులు పైకి లేచాక తీసేయాలి. మొదటిసారి నేను అలవాటు కొద్దీ అట్లకాడతో తిరగేస్తే కళ్లన్నీ మూసుకుపోయి, అది చెప్పు అట్టలా తయారైంది. కూరలోని రసాన్ని పీల్చుకోవలసినవి ఆ గుంటలే.

కూరల్లో తేలికైనది మిసిర్ వొత్, అంటే ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు) కూర. ఇక్కడ మన చేయి పోపులపెట్టె మీదికి పోకూడదు. సన్నగా తరిగిన రెండు పెద్ద ఉల్లిపాయలను దళసరి గిన్నెలో నూనె లేకుండానే, మాడకుండా నీళ్లు చిలకరిస్తూ, మెత్తబడి రంగు మారేదాకా వేయించి, ఆ తర్వాతే నూనె, అల్లం వెల్లుల్లి, బెర్బెరె కారం వేయాలి. ఎండుమిరప, ధనియాలు, మెంతులు, యాలకులు, వాము కలిపి దంచుకుంటే బెర్బెరెకు దగ్గరగా వస్తుంది. చివర కప్పు పప్పు, నీళ్లు, ఉప్పు వేసి చిక్కగా ఉడికించాలి. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల ఉపవాసాల్లో మాంసం, పాలు, నెయ్యి ముట్టరు కనుక శాకాహారులకు ఇలాంటి వంటలు చాలానే ఉన్నాయి.

ఇక వడ్డన. అందరూ చేతులు కడుక్కున్నాక, ఒక్కో కూరను రెండు మూడు చోట్ల వడ్డించాలి. ఎందుకంటే ఎవరి ముందున్నది వారు తినడమే అక్కడి మర్యాద, అవతలివారి వైపు చేయి చాచరు. తుంపిన అట్టు ముక్కతోనే కూరను చుట్టి తీసుకుంటారు కనుక వేళ్లు పెదవులకు తగలనక్కర లేదు. ఈ సంగతి పెద్దవారికి కూర్చునే ముందే చెప్పాలి. మా అత్తగారు వినికూడా తన వాటా విడిగా కంచంలో వేయించుకున్నారు; అలాంటివారిని బలవంతపెట్టకూడదు.

ఆప్యాయతతో పక్కవారి నోట్లో స్వయంగా ముద్ద పెట్టడాన్ని గుర్షా అంటారు. కొత్త ఆవకాయ కలిపిన రోజు అమ్మ బేసిన్‌లో అన్నం కలిపి వరసగా పెట్టిన ముద్దలను తలుచుకుంటే ఇది మనకేమీ వింతగా అనిపించదు. ఇథియోపియా వారింట అతిథిగా ఉన్నప్పుడు వద్దనకుండా అందుకోవడం మర్యాద. మనం పెట్టేటప్పుడు మాత్రం చిన్నదిగా చుట్టి పెట్టాలి.

కూరలు అయిపోయాక పళ్లెంలో పరచిన అడుగు అట్టును చించి పంచుకోవాలి. అన్ని కూరల రసమూ దానిలోనే ఊరి ఉంటుంది కనుక, మా పిల్లలు మొదటినుంచీ దానికోసమే కాచుకుని కూర్చుంటారు.